కుందుర్పిలో గీసిన ముఖం

రంగప్ప మాస్టారు మా వారపత్రిక ఆఫీసులో అడుగుపెట్టిన రోజున నేను ఆయన నవలకే బొమ్మ వేస్తున్నాను. ఆయన అనంతపురం జిల్లా కుందుర్పిలో బడిపంతులు. తమ ప్రాంతపు కరువు మీద రాసిన నవల మా పత్రికలో సీరియల్‌గా వస్తోంది. దానికి వారం వారం బొమ్మ వేయడం, శీర్షిక అక్షరాలు రాయడం నా పని. ఏదో పని మీద విజయవాడ వచ్చిన ఆయన, తన కథకు బొమ్మలు వేసే మనిషిని చూసిపోదామని వచ్చారట. నా బల్ల మీదకు వంగి, మట్టి గంప మోస్తున్న కథానాయికను చాలాసేపు చూశారు.

"ఈయమ్మ యావూరమ్మా?" అన్నారు.

"మీ నాయికేనండీ."

"మా ఊర్లో ఇట్లాంటి బుగ్గలుండే మనిషి కనపడితే, వాళ్లింట్లో ఏదో తినేకి ఉండాదని ఊరంతా ఆడికే పోతాదమ్మా!"

ఎగతాళిగా అనలేదు. నవ్వుతూనే అన్నారు. అయినా ఆ పూట నా కలం ముందుకు సాగలేదు. నేను బొమ్మలు నేర్చుకున్నది ఒక పెద్దాయన దగ్గర. చేపల్లాంటి కళ్ళు, నిండు బుగ్గలు, మోకాళ్ళు దాటే జడ ఆయన గీత. నేర్చుకునే రోజుల్లో ఆ గీత నా చేతికి వస్తే చాలనుకున్నాను. వచ్చింది, ఇక పోలేదు. తల్లి, కూతురు, సవతి, బిచ్చగత్తె, ఎవరిని గీసినా అదే ముఖం. బొట్టు మార్చి, చీర మార్చి నెట్టుకొస్తున్నాను. "బాగుందమ్మా, కానీ ఇది నీ గీత కాదు" అని మా ఎడిటర్ గారు అనడం మొదలుపెట్టి చాలా కాలమైంది.

"ఒకసారి వచ్చి మా మనుషుల్ని చూసిపోండమ్మా" అని మాస్టారు వెళ్ళేటప్పుడు పిలిచారు. ఎండలు ముదరకముందే బయలుదేరాను. కొత్త మనుషుల్ని చూస్తే కొత్త గీత వస్తుందని నమ్మాను. నాకు నలభై దగ్గర పడుతున్నాయి. ఇప్పుడు రాకపోతే ఇక రాదని భయం కూడా ఉంది.

అనంతపురం

కృష్ణ కాలవల పక్కన పుట్టినదాన్ని. రైలు కిటికీలో పచ్చదనం ఎక్కడ ఆగిపోయిందో గమనించలేదు గాని, ఒకచోట తలెత్తి చూస్తే అంతా ఎర్ర నేల, నల్ల గుండ్లు. మధ్య మధ్య తుమ్మ చెట్లు. చూపుకు అడ్డమనేది లేదు. బొమ్మకు ఇంత ఖాళీ కాగితం దొరికితే ఎంత బాగుండునని అప్పుడు అనిపించింది. ఆ ఖాళీకి అర్థం అప్పటికి నాకు తెలియదు.

అనంతపురం బస్టాండు పక్కన ఒక ముసలామె బండి మీద ఉగ్గాని పెడుతోంది. నానబెట్టిన బొరుగులను ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లి ఇస్తారు. పక్కన మిరపకాయ బజ్జీ. మా వైపు బొరుగులంటే పిల్లల చిరుతిండి. ఇక్కడ అదే పొద్దుటి పూట కడుపు నింపే టిఫిను. రూపాయికి బజ్జీలతో సహా ఆకు నిండా పెట్టింది. కారానికి కళ్ళలో నీళ్ళు తిరిగి మంచినీళ్ళ కోసం చూశాను.

"నీళ్లు కావల్లనా?" అని అడిగింది.

మా ఊళ్ళో విస్తరి కంటే ముందు గ్లాసు పెడతారు. నీళ్ళు కావాలా అని అడిగితే అవమానం కింద లెక్క. నేను తలూపాక ఆమె బిందె మూత తీసి, సగం గ్లాసు పోసి, నేను తాగేదాకా చూసి, మిగతా సగం పోసింది.

"ఏమనుకోవద్దు మా. అందరికీ నిండా పోస్తాము, వాళ్లు సగం తాగి పారేస్తారు. చూసేకి పానం ఒప్పదు" అంది.

కళ్యాణదుర్గం

కళ్యాణదుర్గం బస్సులో నా సంచిలోని నల్లసిరా సీసా మూత వదులైంది. సిరా నా చీర అంచుకీ, పక్కనున్న రైతు ఒళ్ళోని గోనెసంచికీ అంటింది. నేను కంగారుపడి కొంగుతో తుడవబోతే ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"ఉండనీలే మా. విత్తనం చెనిక్కాయలు ఇస్తారంటే పోయింటి. రేపు రాపో అన్నారు. లోపల ఏమన్నా ఉంటే గదా చెడిపోయేకి" అని వేరుశనగ విత్తనాల కోసం తీసుకెళ్ళిన ఖాళీ గోనెను దులిపి చూపించాడు.

బస్సులో నలుగురూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నేను ఆ ముఖం గుర్తుపెట్టుకుని దిగగానే గీయాలనుకున్నాను. దిగి, టీ బంకు బల్ల మీద కూర్చుని గీశాను. మీసాలు తెల్లవైనాయి, తలపాగా వచ్చింది, కింద మాత్రం మా గురువుగారి ముసలి జమీందారు కూర్చుని ఉన్నాడు.

ఎదురుగా ఒక కొట్టు గోడ మీద 'వేరుశనగ వ్యాపారము' అన్న అక్షరాలు చూసి లేచి దగ్గరకు వెళ్ళాను. అంత అందమైన తెలుగు అక్షరాలు నేను పుస్తకాల్లో కూడా చూడలేదు. నింపాదిగా, గుండ్రంగా, తలకట్టు కొద్దిగా వెనక్కి వాలి ఉన్నాయి. వాటి ముందు నిచ్చెన వేసుకున్న ఒకాయన, నేను చూస్తుండగానే సున్నం కుంచెతో 'వేరు' దాకా కొట్టేశాడు.

"అయ్యో, ఎందుకండీ చెరిపేస్తున్నారు?" అన్నాను.

ఆయన కిందికి చూశాడు. "కొట్టు మూసేసినారు మా. కాయలే ల్యాకపోతే యాపారం యాడిది? రాసినోన్నీ నేనే. చెరిపేకి గూడా నన్నే పిలిచినారు."

పేరు వీరన్న. సున్నం కొట్టేలోపు మిగిలిన అక్షరాలు రాసుకుంటానంటే నిచ్చెన దిగి, బీడీ ముట్టించుకుని, నా పని అయ్యేదాకా ఆగాడు. నాది విజయవాడని చెప్పి, ఈ అక్షరం ఎవరు నేర్పారని అడిగాను.

"ఎవురూ నేర్పల్యా. చిన్నప్పుడు బళ్లారిలో కన్నడ బోర్డులు రాసేటోని కాడ రంగులు కలుపుతాంటి. ఆ చేత్తోనే తెలుగు రాస్తే ఇట్ల వచ్చినాది" అని, మళ్ళీ తనే అడిగాడు. "మీ బెజవాడలో బోర్డులు చానా ఉంటాయంట గదా. నాకేమన్నా పని దొరుకుతాదా మా? ఇల్లు గూడా ఈడ వద్దనుకుంటాండాము."

మా ఊళ్ళో బోర్డులు రాసేవాళ్ళే పనుల్లేక సినిమా వాల్‌పోస్టర్లు అంటిస్తున్నారు. ఆ మాట చెప్పలేక, కనుక్కుంటానన్నాను. ఆ జవాబు అంతకుముందు చాలామంది దగ్గర విన్నవాడిలా ఆయన తలూపి, బీడీ ఆర్పి నిచ్చెనెక్కాడు. నేను బస్సెక్కేసరికి గోడ తెల్లగా ఉంది.

కుందుర్పి దాకా బస్సులో ఆ అక్షరాలను నా చేత్తో రాసి చూస్తూనే ఉన్నాను. బాగానే వచ్చాయి. కానీ అవి వీరన్న అక్షరాలు. ఇన్నేళ్ళూ ఒకాయనకు నకలుగా బతికాను. ఇప్పుడు ఇంకొకాయనకు నకలు మొదలుపెట్టానని తెలిసి పుస్తకం మూసేశాను.

కుందుర్పి

కొండ కింద రాతి ఇళ్ళ ఊరు. మాస్టారి భార్య లక్ష్మీదేవి గుమ్మంలోనే నా చేతులు పట్టుకుని, "ఎండకు ఎట్ల నల్లబడిపోయినావక్కా!" అంది, ఎప్పటినుంచో ఎరిగినట్టు. మా వైపు చుట్టం వస్తే ముందు కాళ్ళకు నీళ్ళిస్తారు. ఆమె తడిగుడ్డ ఇచ్చింది. రాగి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి, చెనిక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి పెట్టి, "నమలొద్దక్కా, మింగల్ల" అని నేర్పింది. నేను నమిలాను. అది పళ్ళకు అంటుకుని నాకు మాట రాకపోయేసరికి ఇద్దరం నవ్వుకున్నాం.

భోజనమయ్యాక పెరట్లో కూర్చుని ఆమె బొమ్మ గీశాను. పని అయ్యాక కుంచె కడిగిన గ్లాసుడు నీళ్ళు అలవాటుగా బయటికి విసిరేశాను. నేల ఆ నీళ్ళను చుక్క మిగలకుండా పీల్చేసింది. లక్ష్మీదేవి ఆ తడి మచ్చ ఆరిపోయేదాకా దానివైపే చూసింది.

"రంగు నీళ్లయినా కరేపాకు చెట్టుకు పోసిందునక్కా" అంది మెల్లగా.

తర్వాత తన బొమ్మ చూసుకుని చాలా సంతోషపడింది. "సినిమాలో ఉండేదాని మాదిరి ఉండాను" అంది. ఆ మాట విన్నాక ఆ కాగితం నాకు చూడబుద్ధి కాలేదు.

చెరువు లోపల

మర్నాడు పొద్దున మాస్టారు నన్ను కరువు పని దగ్గరకు తీసుకెళ్ళారు. ఎండిపోయిన చెరువులో పూడిక తీస్తున్నారు. మగవాళ్ళు తవ్వుతుంటే ఆడవాళ్ళు గంపలెత్తి కట్ట మీద పోస్తున్నారు. నేల నెర్రెలిచ్చి, గడ్డపార తగిలిన ప్రతిసారీ రాయి మీద తగిలినట్టు మోగుతోంది. నేను కట్ట మీద గొడుగు కింద కూర్చుని పొద్దెక్కేదాకా గీశాను. నా గీత ఇక్కడైనా మారాలని పళ్ళు బిగించి గీశాను. ఎముకలు చూసి ఎముకలే గీశాను. మోచేతులు, మెడ నరాలు, పగిలిన మడమలు బాగానే కుదిరాయి.

సద్దికి పని ఆపాక ఆడవాళ్ళు నా చుట్టూ చేరారు. ఒకామె కాగితాలు తిప్పి తిప్పి చూసి, "ఈ గంప నాదే! ఇదో, చెవి కాడ గుడ్డ కట్టిండేది" అంది.

"ఆ గంప కింద ఉన్నది నువ్వేనమ్మా" అన్నాను.

ఆమె బొమ్మను దూరంగా పెట్టి చూసింది. మిగతావాళ్ళూ చూశారు.

"గంప నాదే మా. మనిషి ఎవురో తెలీల్యా."

అందరూ పకపకా నవ్వారు. నవ్వనిది ఒకామె. వాళ్ళందరి వెనక నిలబడి ఉంది. అందరూ సద్దిమూటల దగ్గరకు వెళ్ళాక నా పక్కన గొంతుక్కూర్చుంది. ఆమె పేరు మారెక్క.

"అమ్మా, సచ్చిపోయినోళ్లను గూడా గీస్తావా?" అని అడిగింది.

ఆమెకు గౌరి అనే కూతురుండేది. బడికి పోయేది, మాస్టారి దగ్గరే చదివింది. పోయిన ఎండాకాలం బావి అడుగు నీళ్ళు తాగి వాంతులు పట్టుకుని, కళ్యాణదుర్గం ఆసుపత్రికి తీసుకుపోయే దారిలోనే పోయింది. ఫోటో లేదు.

"పెండ్లికి తీయిద్దాంలే అనుకుంటిమి. ఇప్పుడు దీపం పెట్టుకునేకి మొగము ల్యాదు" అంది.

ఫోటో లేకుండా కష్టమని చెప్పి తప్పుకోవాల్సింది. కానీ నాకు లోపల ఏదో ఆశ పుట్టింది. ఎదుటి మనిషిని చూసి గీస్తే గురువుగారి ముఖం వస్తోంది. ఎదుట ఎవరూ లేకుండా, ఒక తల్లి మాటల్లోంచి గీస్తే నా గీత దొరుకుతుందేమో అనుకున్నాను. "గీస్తానమ్మా" అన్నాను.

మారెక్క ఇల్లు

మర్నాడు మారెక్క కూలి మానుకుంది. కూలి మానుకోవడమంటే ఆ ఇంట్లో ఏమిటో నాకు మాస్టారు చెప్పనక్కర్లేదు. ఇంట్లో వాకిలి దగ్గర తప్ప వెలుతురు లేదు. ఆమె నాకోసం చాప వేసి, తను గోడకానుకుని కూర్చుని, కళ్ళు మూసుకుంది.

"ఇదో, ఆడ నిలబడుండాది. కనపడతాండాది. అడుగు మా, చెప్తా" అంది.

నేను అడిగాను, ఆమె చెప్పింది. నుదురు తనలాగే వెడల్పు. కళ్ళు చిన్నవి. రోటి మీద పడి ఎడమ కనుబొమ చీలింది. పైపళ్ళు కాస్త ఎత్తు, అందుకని నవ్వితే చేయి అడ్డం పెట్టుకునేది. చెవులు వాళ్ళ నాయనవి. ఆమె చెబుతుంటే ఆ పిల్ల నాకూ కనబడింది. నిజంగానే కనబడింది. ఇంత స్పష్టంగా నేను ఎవరినీ చూడలేదనిపించింది.

కాగితం మీద పెన్సిల్ పెట్టాను. చేయి తనకు తెలిసిన దారినే పోయింది.

మారెక్క కళ్ళు తెరిచి చూసింది. "బాగుండాది మా. మా పిల్ల గాదు."

ఇంకొకటి గీశాను. కళ్ళు చిన్నవి చేస్తే ముఖం కోపంగా వచ్చింది. పళ్ళు ఎత్తు చేస్తే హాస్యపత్రిక బొమ్మలా వచ్చింది. కనుబొమ చీల్చాను, చీలిన కనుబొమతో అదే అందగత్తె నా వైపు చూసింది. పక్కింటి హనుమక్క వచ్చి, గడ్డం అట్ల కాదు, సూదిగా ఉండేదంది. కాదు, గుండ్రమేనంది మారెక్క. ఇద్దరూ వాదులాడుకున్నారు. గౌరి తండ్రి తిప్పన్న గడపలో కూర్చుని ఒకటి రెండు బొమ్మలు చూసి, లేచి బయటికి పోయాడు.

ఎండ వాకిట్లోంచి గోడ ఎక్కింది. నా చుట్టూ నేలంతా కాగితాలే, కాగితాల నిండా ఆడపిల్లలే. నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఈసారి తప్పకుండా వస్తుందనుకుని మారెక్కను మళ్ళీ అడిగాను, "పెదవులు ఎలా ఉంటాయన్నావు?"

ఆమె కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచి కొంగుతో గట్టిగా తుడుచుకుని, మళ్ళీ మూసుకుంది. ఆమె ముఖం మారిపోవడం నేను చూశాను.

"కనపడల్యా" అంది.

"కాసేపు ఆగుదామమ్మా."

"కాదు మా. పొద్దున కండ్లు మూస్తే ఆడ నిలబడుండె. ఇప్పుడు మూస్తే నువ్వు గీసిండే వాళ్లే వస్తాండారు. ఒకరెనక ఒకరు వస్తాండారు. నా బిడ్డ యాడికి పాయ?"

హనుమక్క ఆమె భుజం పట్టుకుంది. మారెక్క ఏడవలేదు. పారేసుకున్న వస్తువు కోసం వెతికేదానిలా ఇల్లంతా చూసింది, దూలం వైపు, ఉట్టి వైపు, వాకిలి వైపు. నేను కాగితాలన్నీ పోగుచేసి చింపబోయాను. ఆమె చటుక్కున నా చేయి పట్టుకుంది.

"చింపొద్దు మా. వాళ్లు గూడా ఎవురో ఒకరి బిడ్డలే గదా."

అప్పుడే తిప్పన్న తిరిగొచ్చాడు. ఆ పోగు ముందు కూర్చుని, ఒక్కొక్క కాగితం తీసి చూసి పక్కన పెట్టాడు. చివరికి ఒకటి చేతిలో ఉంచుకున్నాడు. అది నేను అన్నిటికంటే ముందు గీసింది. పెద్ద కళ్ళు, నిండు బుగ్గలు.

"ఇది ఉంచుకుందాం" అన్నాడు.

"అది గౌరి మాదిరి యాడుంది?" అంది మారెక్క.

"ల్యాదు. కానీ కడుపునిండా తిన్న పిల్ల మాదిరి ఉండాది" అన్నాడు తిప్పన్న.

నేను వెళ్ళడానికి లేస్తే హనుమక్క గుప్పెడు చెనిక్కాయలు తెచ్చి నా సంచిలో పోసింది. ఊరికే పంపకూడదట. విత్తనానికి దాచుకున్నవని, బయటికొచ్చాక నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన మాస్టారు చెప్పారు.

విజయవాడ

తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగ్గవేమీ లేవు. ఆ ఖాళీ నేలనే మళ్ళీ కిటికీలోంచి చూశాను. ఈసారి దాని మీద గీయాలనిపించలేదు.

ఆఫీసుకు వెళ్ళి ఆ వారం సీరియల్‌కు బొమ్మ మొదలుపెట్టాను. గంప గీశాను, చేతులు గీశాను, మడమలు గీశాను. ముఖం దగ్గరకు వచ్చేసరికి చేయి పడిపోయింది. ఒక గీత పెడితే ఎవరి ముఖమో చెరిగిపోతుందని భయం. ప్రెస్సుకు పంపే వేళ మించిపోతోంది. గంప నీడను కిందికి లాగి, ముఖమంతా నల్లసిరాతో నింపేశాను. ఎడిటర్ గారు కాసేపు చూసి, వేరే దారి లేక పంపించారు. పై వారం నాయికను వెనకనుంచి గీశాను. ఆ పై వారం తల వంచేసింది.

పాఠకులకు నచ్చింది. పేరు చూడక్కర్లేదు, బొమ్మ చూస్తేనే ఎవరిదో తెలిసిపోతుందని రాశారు. "దొరికిందమ్మా నీ గీత!" అని ఎడిటర్ గారు స్వీట్లు తెప్పించారు. వేరే పత్రికల్లో కుర్ర ఆర్టిస్టులు ముఖాల్లేని ఆడవాళ్ళను గీయడం మొదలుపెట్టారు. అందరూ దాన్ని నా శైలి అంటున్నారు. అప్పటినుంచి నేను ఒక్క ముఖం గీయలేకపోయాను, ఇప్పటికీ గీయలేను.

సీరియల్ అయిపోయాక రంగప్ప మాస్టారు మళ్ళీ వచ్చారు. కుశల ప్రశ్నలయ్యాక మారెక్క సంగతి అడగకుండా ఉండలేకపోయాను.

"బాగుండాదమ్మా. గౌరి సంవత్సరీకానికి ఆ బొమ్మకు కుంకుమ పెట్టి దీపం పెట్టినారు. నేనూ పోయింటి. పొద్దున పనికి పోయేటప్పుడు దానితో మాట్లాడి పోతాదంట. అచ్చం నా బిడ్డే అంటాది ఇప్పుడు. ఊర్లో అందరూ గూడా అట్లే అంటాండారు" అన్నారు.

"మీరు పాఠం చెప్పారు గదండీ ఆ పిల్లకు. రోజూ చూశారు. గౌరి నిజంగా అలా ఉండేదా?"

మాస్టారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఉండేదేమోలే మా" అన్నారు.